వడ్డీ లేని అప్పు

గవర్నర్‌పేటలో కొత్త నేతచీర మడత విప్పినప్పుడల్లా, ఆ గంజి వాసనకి నాకు ఎస్తేరు టీచరుగారు గుర్తొస్తారు. ఆవిడ వెనకాలే రూతు గుర్తొస్తుంది. ఇన్నేళ్ళయినా కడుపు మండుతుంది.

డెబ్బైల్లో మేం భవానీపురంలో ఉండేవాళ్ళం. లెక్కలు చెప్పే టీచరుగారిది పక్కవాటా. నాకూ, నాతో డిగ్రీ చదివిన రూతుకీ బీఎడ్‌లో సీట్లొచ్చాయి. ఇద్దరిళ్ళలోనూ డబ్బు లేదు. సాయంత్రం టీచరుగారు రూతుని అరుగు మీద పక్కన కూర్చోబెట్టుకుని, బ్యాంకు అప్పు తీసుకుంటే వాయిదా ఎంత పడుతుందో, జీతంలో ఏం మిగులుతుందో విడమరిచి చెప్పేవారు. ఆ అరుగు మీద ఇంకా బోలెడు చోటుండేది. నన్ను పిలవలేదని నా ఉక్రోషం.

పైగా మాకు బ్యాంకు అగత్యమేమిటన్న గొప్ప కూడా ఉండేది. నాన్న సైకిలు మీద చేనేత చీరలు తిప్పి అమ్మేవాడు. ఆయనకు సరుకు అరువిచ్చే షావుకారే నా చదువుకి వడ్డీ లేకుండా డబ్బిచ్చాడు. అది విని టీచరుగారు మా ఇంటికొచ్చారు.

“వడ్డీ లేదు, సంతోషమేనండీ. అప్పు తీరేదాకా సరుకు వేరే కొట్లో తెచ్చుకోనిస్తారా?” అని నాన్నని అడిగారు.

“అంత ధర్మాత్ముణ్ణి వదిలి ఎక్కడికి పోతామండీ,” అని నాన్న నవ్వేశాడు. ఆవిడ అదే మాట మళ్ళీ అడిగి, మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయారు. రూతుకున్న వడ్డీ మాకు లేదని ఆవిడ బాధ కాబోలనుకున్నాను.

ఇద్దరికీ ఉద్యోగాలొచ్చాయి. రూతు వాయిదాలు కట్టేసి, మెడలోకి గొలుసు చేయించుకుంది. నాన్న మాత్రం షావుకారిచ్చిన రంగు దిగే చీరలే, ఆయన చెప్పిన ధరకే తీసుకోవాలి. ఏళ్ళ తరబడి కొన్నవాళ్ళు సైకిలు బెల్లు విని తలుపులు వేసుకునేవారు. ఇక లాభమెక్కడ, అప్పు తీరేదెక్కడ? చివరికి నా జీతంలోంచే తీర్చాను.

మర్నాడే నాన్న పెడన వెళ్ళి, మగ్గాల దగ్గర కూర్చుని తనకి నచ్చిన చీరలు ఏరుకొచ్చాడు. వాటిలో మామిడిపిందెల అంచున్నది పక్కకి తీసి, “ఇది టీచరుగారికమ్మా,” అన్నాడు. అప్పు తీర్చింది నేను, చీర ఆవిడకి.

టీచరుగారు ఇప్పుడు లేరు. మొన్న పక్కింటి పిల్ల, చదువుకి వడ్డీ లేని అప్పు దొరికిందని సంబరంగా కాగితాలు తెచ్చి చూపించింది. “బదులుగా ఏం ఒప్పుకోమన్నారమ్మా?” అన్నాను. ఆ పిల్ల నవ్వు ఆగిపోయింది. కాగితాలు పట్టుకుని అరుగు మీద నా పక్కనే కూర్చుంది, అచ్చం రూతులాగే. చివరిదాకా చదివి చెప్పాను గానీ, చెబుతున్నంతసేపూ ఆ పిల్లని చూసి కుళ్ళుకుంటూనే ఉన్నాను.