ఏడ గుచ్చుతుందో చెప్పు

రెండు వారాల కిందట గురువారం కాటేదాన్‌లో మా కార్ఖానాలో ట్రాన్స్‌ఫార్మర్‌కు తీగ చుడుతుంటే ఫోన్ వచ్చింది. మా ఉస్తాద్ పోయాడు. చుట్టేటప్పుడు మధ్యలో ఆపితే లెక్క తప్పుతుందని నేర్పింది ఆయనే. అయినా ఆపేశాను.

శంషాబాద్‌లో ఆయన వాల్వు ఆంప్లిఫయర్లు చేసేవాడు. పాత రేడియోల్లో ఎర్రగా వెలిగే గాజు వాల్వులుండేవి కదా, వాటితోనే, ఎవరి చెవికి తగ్గ పెట్టె వాళ్లకు. ట్రాన్స్‌ఫార్మర్లు నేను చుట్టిచ్చేవాణ్ణి.

చేయించుకునేవాళ్లను ఆ పెట్టెకు వీపు పెట్టి కూర్చోబెట్టేవాడు. కళ్లతో చూస్తే చెవి అబద్ధమాడుతుందట. వాళ్లు రోజూ వినే పాటే పెట్టేవాడు. పైనుంచి విమానం పోతుంటే చెయ్యెత్తి ఆపి, అది దాటాక మళ్లీ మొదటి నుంచి. ఎవరైనా బాగుందంటే విసుక్కునేవాడు. "బాగుందని చెప్పుడెందుకు? ఏడ గుచ్చుతుందో చెప్పు."

వాల్వు అసలు శబ్దానికి తనది కొంత కలుపుతుంది. ఒకసారి నేను మీటరు పట్టుకొచ్చి, ఇదిగో ఇంత తప్పు చూపిస్తోందని గొప్పలు పోయాను. నవ్వాడు. "కూరల ఉప్పు గూడ మనం కలిపిందే గద. జర పడితె రుచి, ఎక్కువైతె ఎవలన్న తింటరా? నోట్ల పెట్టుకోని చూడాలె, గంతే." మళ్లీ ఆ మీటరు బయటికి తియ్యలేదు నేను.

చివరి మూడేళ్లలో ఆయన చెవికి సన్నని శబ్దాలు అందడం మానేశాయి. ఆ సంగతి ఆయనకు తెలియదు. భజన పాటల్లో తాళాలు మూగబోయాయని కండెన్సర్లు మార్చి మార్చి పదును పెంచేవాడు. ఆయనకు సరిపోయేసరికి మా చెవుల్లో సూదులు దిగేవి. మైలార్‌దేవ్‌పల్లి నుంచి వచ్చిన ఒక రిటైర్డ్ పంతులు రెండు పాటలు విని, "మళ్ల వస్త" అని చెప్పులేసుకున్నాడు. మళ్లీ రాలేదు. మెల్లగా అందరూ రావడం మానేశారు.

ఒక మధ్యాహ్నం నన్నే వీపు పెట్టించి కూర్చోబెట్టాడు.

"ఎవలూ వస్తలేరు. నా పెట్టెల ఏమన్న తప్పున్నదా? నువ్వన్న చెప్పు."

తాళాలు చెవిని గీకుతున్నాయి.

"బాగుంది ఉస్తాద్," అన్నాను.

"ఇగ జనాల చెవులే ఖరాబైనయ్," అని స్విచ్ ఆపేశాడు. ఆ పెట్టె నాకే ఇచ్చేశాడు. ఆ తర్వాత ఇంకొకటి చెయ్యలేదు.

అది మర్యాద అనుకున్నాను. కాదు, పిరికితనం. చెబితే తిట్టేవాడు, నాలుగు రోజులు మాట్లాడేవాడు కాదు. తర్వాత దవాఖానకన్నా పోయేవాడు, లేదంటే నా చెవిని పక్కన పెట్టుకుని పని సాగించేవాడు. మీలో ఎవరైనా ఆయన చివరి పెట్టెలు కొని, వినలేక మూలన పడేసి ఉంటే ఆయన్ని తిట్టుకోకండి. నన్ను తిట్టండి.

దినాల నాడు అందరూ ఆయన చెవులనే పొగిడారు. అక్కడా తలూపి వచ్చాను.

నిన్న ఇంట్లో ఆ పెట్టె వెలిగించి, దానికి వీపు పెట్టి కూర్చున్నాను. ఆయన పెట్టే భజన పాటే పెట్టాను. మా ఇంటి మీదుగా విమానం వచ్చింది. నాకు తెలియకుండానే చెయ్యి లేచింది. అది దాటాక పాట మళ్లీ మొదటి నుంచి పెట్టి, తాళాలు వచ్చేదాకా ఆగాను.

"ఈడ గుచ్చుతుంది ఉస్తాద్," అన్నాను, వెనక్కి తిరగకుండా.