మా వంటగదిలో పుట్టిన కొంకణి పాట

ఏది కొంకణి పాట, ఏది కాదు అని తేల్చడానికి నేనెవరిని? కూర వండేటప్పుడు అవసరమయ్యే నాలుగు మాటలు తప్ప ఆ భాష నాకు రాదు. అయినా ఆ విషయంలో నా కోపం ఇంతా అంతా కాదు. ఎక్కడో ఒకచోట కక్కేయకపోతే తిన్న అన్నం అరిగేలా లేదు.

దోహాలోని ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో మేముండేది వాటాలుగా విడగొట్టిన విల్లా. వంటగది మాత్రం రెండు కుటుంబాలకూ ఒక్కటే. పక్క వాటాలో ఉండేవాళ్ళది మంగళూరు, ఇంట్లో మాట్లాడేది కొంకణి. ఆవిడ నాకన్నా పెద్దది కాబట్టి అక్కా అనేదాన్ని. ఆవిడ నన్ను 'బాయే' అని పిలిచేది, వాళ్ళ వైపు ఆడపిల్లల్ని అలాగే పిలుస్తారు. మేం మాట్లాడుకునేది హిందీ. ఆ హిందీలో ఎవరి గొప్పా చెప్పుకోవడానికి లేదు, దొందూ దొందే.

ఉల్లిపాయలు కోస్తూ కూనిరాగం తీయడం నాకలవాటు. మా జగిత్యాల వైపు బతుకమ్మ చుట్టూ తిరుగుతూ పాడే వరుస ఒకటి నా నోట్లో ఎప్పుడూ నానుతూ ఉండేది. వినీ వినీ అక్కకు అది పట్టుకుంది. ఆ వరుసలో తన భాషలో మాటలు అల్లుకుంది. వానాకాలంలో పడవలు సముద్రంలోకి వెళ్ళని రోజుల్లో, వాళ్ళమ్మ ఒక్క ఎండుచేప కాల్చి పిల్లలందరికీ ఎలా పంచేదో, తోక ముక్క కోసం అన్నదమ్ములు ఎలా కొట్టుకునేవారో, అదంతా ఆ పాటలో ఉంది. అర్థం చెప్పినప్పుడు నవ్వాను. పాడినప్పుడు ఏడ్చాను.

ఇక్కడి కొంకణివాళ్ళ సంఘం ఏటా అబూ హమూర్‌లో ఒక హాలు తీసుకుని పాటల కార్యక్రమం పెడుతుంది. ఏటా ఆ రోజు వచ్చినవాళ్ళందరికీ సన్నా చేసి పెట్టేది అక్కే. సన్నా అంటే బియ్యప్పిండి పులియబెట్టి ఆవిరి మీద ఉడికించే మెత్తటి ఇడ్లీ లాంటిది. స్టేజీని ఆవిడ ఎప్పుడూ వంటవాళ్ళ గుమ్మంలోంచే చూసింది. ఆ ఏడాది వాళ్ళాయన ఉద్యోగం ముగిసింది. వీసాలు రద్దు చేసుకుని ఊరికి వెళ్ళిపోవాలి. వెళ్ళేలోపు ఒక్కసారి ఆ స్టేజీ ఎక్కి తన పాట పాడాలని ఆవిడ కోరిక. అంతకు మించి ఎవరినీ ఏమీ అడగలేదు.

పాటలు ఎంపిక చేసే రోజు తోడుగా నేనూ వెళ్ళాను. ముగ్గురు పెద్దమనుషులు కూర్చుని వింటున్నారు. ముందు ఒకాయన పాడాడు. మాటలు కొంకణివే, వరుస మాత్రం పాత హిందీ సినిమాది. మా ఊరి పెళ్ళిబ్యాండు వాళ్ళకూ అది కంఠతా వచ్చు. పెద్దమనుషులు చప్పట్లు కొట్టి ఆయన పేరు రాసుకున్నారు. తర్వాత ఒకమ్మాయి గిటారు మీద పాశ్చాత్య నాట్యపు తాళంలో ఇంకో పాట పాడింది. దానికీ చప్పట్లే.

అక్క కళ్ళు మూసుకుని పాడింది. ముగ్గురూ తలలూపారు. మధ్యలో కూర్చున్నాయన, "వరుస కొత్తగా ఉందే, ఎక్కడిది?" అన్నాడు. అక్క ఊరుకోవచ్చు కదా. నా చెయ్యి పట్టుకుని, "ఈ అమ్మాయిది. తెలంగాణలో పూలపండక్కి పాడుకుంటారట," అంది గర్వంగా.

ఆయన ముఖం మారిపోయింది. "బాగుంది. కానీ ఇది కొంకణి పాట కాదు. ఈసారి అసలైన కొంకణి పాటలే అని నియమం పెట్టుకున్నాం," అన్నాడు.

నేనుండబట్టలేక లేచాను. "సార్, ఇందాకటి పాట వరుస బొంబాయి సినిమాది కదా?"

"అది మా పెళ్ళిళ్ళలో ఎప్పటినుంచో పాడుతున్నదే మేడమ్."

"ఆ గిటారు?"

"ఇది మా సంఘం విషయం. మీరు కూర్చోండి."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఓడల్లో దొరల వెంట వచ్చిన గిటారు వీళ్ళ సొంతమట, పక్కింటి పొయ్యి దగ్గర దొరికిన వరుస కల్తీయట. మొదటిసారి ఆ సినిమా వరుస పాడినవాణ్ణి కూడా ఇలాగే ఎవరైనా కూర్చోబెట్టి ఉంటే, ఇవాళ వీళ్ళు ఏం పాడుకునేవారు?

అంతటితో అయిపోలేదు. మేం గుమ్మం దాటుతుంటే ఆయనే వెనక నుంచి, "అన్నట్టు, సన్నా మాత్రం మీ చేతిదే ఉండాలి," అన్నాడు. నిజంగా మెచ్చుకుంటున్నాననే అనుకున్నాడు పాపం.

అక్క ఆగి వెనక్కి తిరిగింది. "సన్నాకు పిండిని కల్లుతో పులియబెట్టాలి. ఈ దేశంలో కల్లు మాఫీ, దొరకదు. ఇన్నేళ్ళూ కొట్లో కొన్న ఈస్టు వేసి పెట్టాను. అసలైనవి కావు. నియమం ఉంది కదా, ఇంకెవరినైనా చూసుకోండి." గొంతు పెంచకుండానే అనేసి వచ్చేసింది. నేనైతే చెప్పు తీసేదాన్నేమో.

ఇంటికొచ్చి ఈ సంగతంతా చెబితే మా ఆయన, "నీకెందుకే వాళ్ళ లొల్లి? బతుకమ్మ కాడ డీజే పెడితే నువ్వు మాత్రం ఊకుంటవా?" అన్నాడు.

"ఊకోను. గని పాడుతనని వచ్చినామెను పొయ్యికాడికి పొమ్మంటనా?" అన్నాను. ఆయన టీవీ పెట్టుకున్నాడు.

అక్క వెళ్ళిపోయింది. కొన్నాళ్ళకు చెల్లెలి కూతురి పెళ్ళి వీడియో పంపింది. పెళ్ళికి ముందు పిల్లకు కొబ్బరిపాలు పూసే వేడుక అది. అప్పుడు ఒకావిడ పాడితే మిగతా ఆడవాళ్ళు అందుకోవాలి. అక్క ఎండుచేప పాట ఎత్తుకుంది. ముసలమ్మలు కూడా అందుకున్నారు. వరుస ఎక్కడిదని ఒక్కరూ అడగలేదట. ఆ వీడియో వాళ్ళ వాళ్ళందరి ఫోన్లూ తిరిగింది.

ఈ ఏడు అక్క వాటాలో దిగిన కొత్తావిడ కూడా కొంకణి మనిషే. పాటల కార్యక్రమానికి రమ్మని వదలకపోతే వెళ్ళాను. నలుగురమ్మాయిలు స్టేజీ ఎక్కారు. అప్పుడు అక్క పాట కాదన్న పెద్దమనిషే మైకు అందుకుని, "మన అమ్మమ్మల కాలం నుంచి వస్తున్న అచ్చమైన కొంకణి పాట. కట్టిందెవరో తెలియదు," అన్నాడు. అమ్మాయిలు ఎత్తుకున్నారు. అదే ఎండుచేప, అదే తోక ముక్క, అదే మా బతుకమ్మ వరుస.

లేచి అరుద్దామనుకున్నాను. అరిస్తే పాట ఆగిపోతుంది. పళ్ళు బిగించుకుని తలుపు దగ్గరికి వెళ్ళి అక్కకు ఫోన్ చేసి, ఏమీ చెప్పకుండా ఫోనును స్టేజీ వైపు తిప్పి పట్టుకున్నాను. చెవికి పెట్టుకునేసరికి అక్క నవ్వుతోంది.

"నా పాట స్టేజీ ఎక్కింది బాయే," అంది.

"పాట ఎక్కింది అక్కా. నువ్వెక్కలేదు," అన్నాను.

నవ్వు ఆగిపోయింది. పెట్టేసిందేమో అనుకున్నాను.

"ఫోన్ అటు తిప్పు. చివరిదాకా విననీ," అంది.