అమావాస్య నూనె

మా అత్తమ్మ గోపమ్మకు ఒక కారు, ఆ కారుకు సైదయ్య అనే డ్రైవరు ఉండేవారు. కారు ఎంత దూరం తిరిగిందని అడిగితే చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు గాని, దాని నూనె మారినన్నిసార్లు సూర్యాపేటలో మరే బండి నూనె మారి ఉండదు.

ఆ కారును మా మామగారు మిర్యాలగూడలో ఒక బియ్యం మిల్లు యజమాని దగ్గర పాతది కొన్నారు. నేను కోడలిగా వచ్చేనాటికి ఆయన లేరు. మా ఆయన హైదరాబాదులో చదువుకుంటున్నాడు. ఇంట్లో అత్తమ్మ, నేను, కొట్టంలో కారు. మా పొలాలు పెన్‌పహాడ్ దిక్కు ఉండేవి. అటు బాటంతా నల్లరేగడి. మృగశిర కార్తెలో ఒక వాన పడిందంటే ఎడ్ల కాళ్లే దిగబడేవి, ఇక కారు మాట చెప్పనక్కర్లేదు. అందుకని తొలకరికి లోపలికి పోయిన కారు మళ్లీ చలికాలంలో జాన్‌పహాడ్ దర్గా జాతరకు, ఉర్సుకే, బయటికి వచ్చేది. మామగారు బతికి ఉన్నప్పుడు వేసవంతా కూడా తిరిగేవారట. ఆయన పోయాక అత్తమ్మకు ఉర్సు తప్ప వేరే ప్రయాణం లేదు. ప్రతి ఏడూ కారులోనే వచ్చి గంధం సమర్పిస్తామని మామగారు ఆ దర్గాలో మొక్కుకున్నారు. ఆ మొక్కు ఈమెకు వారసత్వంగా మిగిలింది.

సైదయ్య పేరు కూడా ఆ దర్గా మొక్కుతో వచ్చిందే. అతను మొదట మామగారి ఎడ్లబండి తోలేవాడు. కారు కొన్నాక అతన్ని కోదాడకు, అత్తమ్మ తమ్ముడు లింగస్వామి దగ్గరికి పంపారు. లింగస్వామికి సొంత లారీ ఉండేది. సైదయ్య ఒక వానాకాలం అక్కడ ఉండి స్టీరింగు తిప్పడం, హారను కొట్టడం, దారికి అడ్డం వచ్చిన గొర్రెల కాపరిని కిటికీలోంచి తిట్టడం నేర్చుకుని వచ్చాడు. ఇంజను నూనె అమావాస్య నాడు మార్చాలన్నది కూడా అక్కడ నేర్చుకున్నదే.

లింగస్వామి లారీ నెలంతా బెజవాడకూ హైదరాబాదుకూ మధ్య తిరిగేది. అమావాస్య నాడు సరుకు ఎత్తడానికి ఎవరూ ముందుకు రారు కాబట్టి ఆ రోజు లారీని నిలిపి, నల్లబడ్డ నూనెను దింపి కొత్తది పోసేవారు. సైదయ్య కళ్లకు లారీ తిరుగుడు ఆనలేదు, అమావాస్య ఆనింది. అతన్ని తప్పు పట్టడానికీ లేదు. మా దిక్కు అమావాస్య నాడు ఎడ్ల మెడ మీద కాడి పెట్టరు. వాటిని కడిగి, మేపి, ఊరికే ఉంచుతారు. ఎడ్లకు ఉన్నది ఇంజనుకు మాత్రం ఎందుకు ఉండకూడదు? అందుకని కారు తిరిగినా, మానినా, వాన పడినా, ఎండ కాసినా, అమావాస్య వచ్చిందంటే సైదయ్య కారు కింద దూరేవాడు. కింది బిరడా విప్పి నూనెను రేకు తట్టలోకి దింపి, కొత్త డబ్బా పగలగొట్టి పోసేవాడు. ఆ పని చేసే రోజు స్నానం చేసి బొట్టు పెట్టుకుని వచ్చేవాడు.

దింపిన నూనె వృథా అయ్యేది కాదు. మా వాడకట్టులో బండ్లు తోలే వాళ్లకు బుచ్చయ్య పెద్దదిక్కు. అమావాస్య అంటే బండ్లు కూడా ఖాళీయే కదా. వాళ్లు గిన్నెలూ పిడతలూ పట్టుకుని మా కొట్టం వెనక కూర్చునేవాళ్లు. పూర్వం ఇరుసులకు ఆముదంలో గడ్డి బూడిద కలిపి కందెన చేసుకునేవారు. సైదయ్య నూనె వచ్చాక ఆ చాకిరీ మానేశారు. వాళ్లకు అందులో ఒక్కటే లోటు కనిపించింది. ఒకనాడు బుచ్చయ్య తట్టలో వేలు ముంచి చూసి పెదవి విరిచాడు.

"సైదన్నా, గిది తేనె లెక్కున్నది. ఇరుసుకు అంటుతలేదు. జర నల్లగ కానియ్యి."

కొట్టంలో కదలకుండా నిలబడ్డ కారులో నూనె నల్లబడేదెట్లా? సైదయ్య ఆలోచించి, అమావాస్యకు ముందు కొన్ని రోజులు పొద్దున్నే హ్యాండిల్ తిప్పి ఇంజను నడిపించి వదిలేయడం మొదలుపెట్టాడు. పెట్రోలు దొరకడమే గగనమైన ఆ రోజుల్లో మా కారు ఉన్నచోటనే నిలబడి, ఎడ్లబండ్ల కోసం నూనె కాచేది. అత్తమ్మకు మాత్రం ఆ చప్పుడు ఇష్టం. పూజ దగ్గర కూర్చుని, పొలానికి బయలుదేరేముందు మామగారు ఇట్లాగే నడిపించేవారని అనేది. సైదయ్య పనిలో ఎంత శ్రద్ధగా ఉంటాడో అని మురిసేది. అతని జీతం గురించి ఎవరైనా ఎత్తితే ఆ చప్పుడునే జవాబుగా చూపించేది.

ఆ గుట్టు నూనె డబ్బాల వల్ల బయటపడింది. డబ్బాలు లింగస్వామే బెజవాడ నుంచి తెచ్చి పంపేవాడు. కోదాడ సరిహద్దు నాకా దగ్గర సుంకం వసూలు చేసే కరోడ్‌గిరి వాళ్లు ప్రతి డబ్బా మూత తీసి వాసన చూస్తుంటే అతనికి విసుగు పుట్టింది. పోలీసు చర్య జరిగిన ఆ ఏడు చలికాలంలో, ఉర్సు దగ్గర పడ్డప్పుడు, అక్కను నేరుగా అడుగుదామని సూర్యాపేట వచ్చాడు.

"అక్కా, నాకు తెలియకుండా లారీ ఏమైనా కొన్నావా?"

"కారే కదలకపాయె, లారీ ఎక్కడిదిరా?" అంది అత్తమ్మ.

అప్పుడు సైదయ్యను పిలిచారు. అతను అమావాస్య లెక్క గర్వంగానే చెప్పాడు.  లింగస్వామి అక్కకు అర్థమయ్యేట్టు చెప్పాడు. తిరిగే బండికి తిరుగుడును బట్టి నూనె మార్చాలి. ఇట్లా దాచిపెట్టే బండికి ఏడాదికి ఒక్కసారి చాలు. వానలకు ముందు పాత నూనె దింపేసి కొత్తది పోసి మూసెయ్యాలి, ఎందుకంటే పాత నూనెలో చేరిన మడ్డి, చెమ్మ లోపల ఇనుమును తింటాయి. మళ్లీ తీసేటప్పుడు నూనె కొలిచే పుల్ల పెట్టి చూసుకుంటే సరిపోతుంది. మిగతాదంతా దండగ.

సైదయ్య ఒప్పుకోలేదు. "తిరిగేదానికి గాలన్న తగులుతదయ్యా. నిలవడ్డదే గద మురిగేది. బాయిల నీళ్లు తోడకుంటే పాచి పడ్తలేదా?"

అత్తమ్మకు ఆ మాటా సబబుగానే తోచింది. కాని లింగస్వామి వదల్లేదు. కదలని కారుకు డ్రైవరెందుకు, దాన్ని తనకు ఇచ్చేస్తే కోదాడలో కిరాయికి తిప్పుకుంటానన్నాడు. సైదయ్య మొహం తెల్లబోయింది. కారు పోతే అతనికి ఆ ఇంట్లో పని లేదు. ఎడ్లబండి అప్పటికే అమ్మేశారు. నడివయసు దాటిన మనిషి డ్రైవరు అన్న పేరు పోగొట్టుకుని, మళ్లీ ఎవరి ఎడ్ల వెనకనో నడవాలి. అతని భార్య జంగమ్మ ఆ సాయంత్రం పెరటి గుమ్మం దగ్గర కూర్చుని, ఎవరూ చెప్పకుండానే మా బియ్యం చెరిగిపెట్టింది. వాళ్ల వాడలో ఆమెను డ్రైవర్ జంగమ్మ అని పిలిచేవారు.

అత్తమ్మ ఎవరి మాటా పూర్తిగా కొట్టేసే మనిషి కాదు.

"ఉర్సుకు కారు పోయి వస్తే ఉంచుకుంట. పోకుంటే నువ్వు తీస్కపో. అందాక నూనె మార్చుడు బంద్," అంది.

ఉర్సుకు ముందు అమావాస్య వచ్చింది. బుచ్చయ్య వాళ్లు గిన్నెలతో వచ్చారు, వట్టి గిన్నెలతో వెళ్లారు. తన కారు ఇన్ని బండ్లను నడిపిస్తున్న సంగతి అత్తమ్మకు అప్పుడే తెలిసింది. ఆముదం కొనుక్కొని కందెన చేసుకోండని పంపించింది. ఆముదం కాచడం, గడ్డి కాల్చడం మరిచిపోయామని వాళ్లు గొణుక్కుంటూ పోయారు. సైదయ్య ఆ రోజంతా కొట్టంలో కారు పక్కన, పథ్యం పెట్టిన రోగి దగ్గర కూర్చున్నట్టు కూర్చున్నాడు.

ప్రయాణం రోజు కారు ఒక్క తిప్పుకే అందుకుంది. సైదయ్య లింగస్వామి వైపు చూశాడు. ముందు వాళ్లిద్దరూ, వెనక అత్తమ్మ, నేను, గంధం గిన్నె, దర్గా దగ్గర వండిపెట్టే కందూరుకు పొయ్యిమీదికెక్కే సామానంతా. ఊరు దాటేదాకా ఇంజను పాట పాడినట్టే ఉంది. పెన్‌పహాడ్ దగ్గరికి రాగానే వెనక టైరు పగిలింది. వెంట తెచ్చిన టైరు బిగించారు. అది కాస్త దూరం నడిచి, మొదటిదాని కంటే పెద్ద చప్పుడు చేసింది. ఏళ్ల తరబడి ఒకేచోట నిలబడి నిలబడి టైర్లు ఎండిన రేగడిలాగా పగుళ్లు తీశాయి. అందరి ధ్యాసా నూనె మీదనే ఉంది, టైర్ల మొహం చూసినవాళ్లు లేరు. నూనె గురించి అంత చెప్పిన లింగస్వామీ చూడలేదు.

"ఇంక దిగక్కా," అన్నాడు లింగస్వామి. అతని గొంతులో విచారమేమీ వినిపించలేదు.

అత్తమ్మ దిగనంది. కార్ల పోతనని మొక్కు, కార్లనే పోతనంది.

అప్పుడు వెనకనుంచి బండ్ల మోత వినిపించింది. మనుషులు కనపడకముందే, గుంపుగా పిల్లులు కొట్లాడుకుంటున్నట్టు ఇరుసులు అరుస్తూ వచ్చాయి. బుచ్చయ్య వాళ్లు కూడా ఉర్సుకే బయలుదేరారు. సంగతి చూసి బుచ్చయ్య తన ఎడ్లను విప్పాడు. పగిలిన చక్రానికి గోనెసంచులూ గడ్డితాడూ చుట్టి, కారు ముందు మోకు కట్టి, ఎడ్లను పూన్చారు. సైదయ్య స్టీరింగు ముందు కూర్చున్నాడు. అలవాటు కొద్దీ హారను కొట్టేసరికి ఎడ్లు బెదిరి కారును కంపచెట్లలోకి లాగాయి. బుచ్చయ్య దండం పెట్టి, హారను జోలికి పోవద్దని బతిమాలాడు. ఆ తర్వాత సైదయ్య కిటికీలోంచి తల బయట పెట్టి, పాత రోజుల్లోలాగా నాలుక చప్పుడు చేసి అదిలించాడు. ఎడ్లు చెవులు రిక్కించి తిన్నగా నడిచాయి. ఒక మనిషి ఒకే బండికి ముందు ఎడ్లనూ వెనక స్టీరింగునూ కలిపి నడపడం నేను అప్పుడే చూశాను.

దారిలో మిలిటరీ వాళ్లు ఆపారు. వచ్చిపోయే కార్లను సోదా చేయాలట. అందులో ఒకడు కారును చూశాడు, ఎడ్లను చూశాడు, లోపల కొంగు సర్దుకుని నిండుగా కూర్చున్న అత్తమ్మను చూశాడు. చెయ్యి ఊపి పొమ్మన్నాడు.

ముందు కారు, వెనక అరిచే బండ్లు. అత్తమ్మ రెండు చెవులూ మూసుకుంది.

"ఈ మోతేందిరా బుచ్చయ్యా?"

"నూనె లేదు గదమ్మా. మీరే బంద్ జేస్తిరి."

 గంధం సమర్పించి, కందూరు చేసి, మర్నాడు అదే వరసలో ఇల్లు చేరాం. ఎడ్లను ఇంకా విప్పకముందే లింగస్వామి మెట్ల మీద కూర్చుని, కోదాడలో టైర్లు వేయిస్తానని, కారు తీసుకుపోయే రోజు చెప్పమని అక్కను అడిగాడు. సైదయ్య మోకు ముడి విప్పుతూ ఆగిపోయాడు. బుచ్చయ్య గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, నాకు తెల్వక అడుగుత. కారు ఉర్సుకు పోయిందా?"

"పోయింది."

"మల్ల వచ్చిందా?"

అత్తమ్మ వాకిట్లో నిలబడ్డ కారును చూసింది. దుమ్ముకొట్టుకుని, గోనెసంచి చక్రంతో, మెడలో మోకుతో ఉంది. నేను కోడలిగా వచ్చాక ఆమె మనసారా నవ్వడం అప్పుడే విన్నాను.

"పోయి వస్తే ఉంచుకుంట అన్న. ఇంజన్ తోనని అన్ననారా తమ్మీ?" అంది.

లింగస్వామి కోపం తెచ్చుకోబోయి, అక్క నవ్వు చూసి మానుకున్నాడు. ఆమె తీర్పు అక్కడే చెప్పేసింది. కారు ఉంటుంది. టైర్లు లింగస్వామే సంపాదించి పెట్టాలి. కారు నూనె ఏడాదికి ఒక్కసారి, తొలకరికి ముందు మారుతుంది. బండ్ల ఇరుసులకు మాత్రం కోదాడ లారీ దింపే నూనె రావాలి. అది నిజంగానే తిరిగిన నూనె, నల్లగా ఉంటుంది, బుచ్చయ్య ఇక పెదవి విరవడు. దాన్ని తేవడానికి సైదయ్య నెలనెలా కోదాడ పోవాలి.

అట్లా సైదయ్య డ్రైవరుగానే మిగిలాడు. నెలకోసారి లింగస్వామి లారీ ముందు సీట్లో కూర్చుని ఒళ్లో నల్లనూనె డబ్బాతో వచ్చేవాడు. ఇరుసుల కింద ఇటుకలు పేర్చి, టైర్లు నేలకు ఆనకుండా కారును ఎత్తి నిలిపాడు. వాడలో జంగమ్మను పిలిచే పేరూ మారలేదు.

కాని అమావాస్య మాత్రం అతన్ని వదల్లేదు. ఆ రోజు స్నానం చేసి, బొట్టు పెట్టుకుని కొట్టంలోకి పోయేవాడు. బానెట్ ఎత్తి, నూనె కొలిచే పుల్ల బయటికి తీసి, వెలుతురుకు పట్టి చూసి, ధోతి చెంగుతో తుడిచి మళ్లీ లోపల పెట్టేవాడు. ఒకసారి నేను నీళ్లు తీసుకుపోయి, మార్చొద్దన్నారు కదా అన్నాను.

"మార్చుడు వద్దన్నది గని సూసుడు వద్దన్నదా అమ్మ?" అన్నాడు సైదయ్య, పుల్లను ఇంకోసారి తుడుస్తూ.