పెద్దమ్మ చూడని మిషన్లు

పొద్దున్నే జాకెట్ గుడ్డ కత్తిరిస్తుంటే మహబూబ్‌నగర్ నుంచి వదిన ఫోన్ చేసింది. "అత్తమ్మ పొయింది. జల్ది రా" అని చెప్పి పెట్టేసింది. నల్గొండలో బస్సెక్కి నేను చేరేసరికి మధ్యాహ్నం దాటింది. మా పెద్దమ్మ తన కిరాయి గదిలో లేదు. శవాన్ని గేటు లోపల ఉంచడానికి ఇంటి ఓనరు ఒప్పుకోలేదట. ఆమె కొడుకు, మా అన్న, ఆమెను తెచ్చి తన దుకాణం ముందు టెంటు కింద పడుకోబెట్టాడు. ప్రాణముండగా ఏ గడప తొక్కనివ్వలేదో, చచ్చాక అక్కడికే తెచ్చాడు. నాకు ఏడుపు రాలేదు. ఒళ్లు మండింది.

ఆమె మా అమ్మకు అక్క. భర్త పోయాక కుట్టు మిషన్ తొక్కి ఒక్క కొడుకును పెంచింది. నాకు కుట్టు నేర్పింది ఆమే. అయితే ఊళ్లో చాలామందికి ఆమె తెలిసింది పాత మిషన్లు చూడటం వల్ల. కొత్తది కొనే స్తోమత లేని ఆడవాళ్లు, ఎక్కడైనా పాతది అమ్ముతున్నారని తెలిస్తే ముందు ఆమె దగ్గరికి వచ్చేవాళ్లు. "జర వచ్చి చూస్తవా అమ్మా?" అంటే చాలు, ఒక పాత చీర ముక్క, ఒక ప్యాంటు గుడ్డ ముక్క కుట్టి చూడటానికి సంచిలో వేసుకుని లేచేది. చాయ్ తప్ప ఏమీ పుచ్చుకునేది కాదు.

నా మొదటి మిషన్ కూడా ఆమె చూసిందే. తెలంగాణ వచ్చిన కొత్తలో, కేతేపల్లిలో ఒకరి కొట్టంలో గడ్డిమోపుల వెనక పడి ఉంది. దుమ్ము, పిట్టల రెట్టలు. నేను మొహం చిట్లించాను. పెద్దమ్మ దారం పీకేసి, చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పుతూ చెవి దగ్గరపెట్టి విన్నది. గరగరమన్నది.

"ఖరాబైంది గదా పెద్దమ్మా" అన్నాను.

"గరగర నూనె ఎండితె వస్తది బిడ్డా, కడిగితె పోతది. ఒక్క జాగల పట్టుకుంటె ఫికర్ జెయ్యాలె. ఇది ఎక్కడ పట్టుకుంటలేదు."

తర్వాత సూదిని పట్టుకునే కడ్డీని వేళ్లతో అటూ ఇటూ కదిపింది. కదల్లేదు. బట్టను ముందుకు లాగే పళ్లను బొటనవేలితో తడిమింది. బాబిన్ తిరిగే చోట గోరుతో గీకి తుప్పు గుంతలున్నాయేమో చూసింది. మిషన్‌ను పడుకోబెట్టి కడుపు కిందికి తొంగిచూసింది. పైన బంగారు రంగు పూలు, చెయ్యి ఆనే చోట పూర్తిగా అరిగిపోయి ఉన్నాయి.

"పూలు అరిగినయంటె రోజూ పని జేసిందన్నట్టు. పాత మిషన్‌కు కొత్త రంగుంటె మాత్రం, ఎందుకేసిండ్రని అడుగు."

ఆ మిషన్ మీదే నా ఇల్లు నడుస్తోంది. నా బిడ్డ చదువూ దాని మీదే.

ఏ పనీ కుదరక, అన్న బస్టాండు దగ్గర పాత మిషన్ల దుకాణం పెట్టాడు. మొదట్లో ప్రతిదీ తల్లి చూసి, బాగుచేయించి, అప్పుడు అమ్మేవాళ్లు. దుకాణం నిలబడింది ఆమె పేరు మీదే. తర్వాత ఆమెకు మోకాళ్లు పట్టేశాయి, ఇంటికే పరిమితమైంది. గిరాకీ మాత్రం తగ్గలేదు.

ఒక దసరా సెలవుల్లో నేను వాళ్లింట్లో ఉండగా, అమ్రాబాద్ నుంచి ఎల్లమ్మ అనే ఆమె వచ్చింది. మిషన్‌ను దుప్పట్లో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. దించుతూనే ఏడ్చింది.

"నువ్వు జూసినవంట గదమ్మా. నీ కొడుకు జెప్పిండు. నెల గాకముందే ఇట్లయింది."

పెద్దమ్మ ఆ మిషన్‌ను అంతకుముందు ఎన్నడూ చూడలేదు. నల్లటి రంగు నిగనిగలాడుతోంది. బ్లేడుతో గీకితే రంగు కింద నుంచి లప్పం రాలింది. లప్పం కింద ఇనుము నిలువునా పగిలి ఉంది. ఆమె ఆటో పిలిపించి, మమ్మల్ని వెంటబెట్టుకుని దుకాణానికి పోయింది.

"నేను జూడంది జూసిన్నని ఎట్ల జెప్పినవ్ రా? ఈమెకు మంచిది ఇయ్యి."

"అమ్మినంక నాకేం సంబంధం?" అన్నాడు అన్న.

"నా పేరు జెప్పి అమ్మినవ్."

"నీ పేరుకు కిరాయి గట్టాల్నా ఏంది?"

కొనడానికి వచ్చినవాళ్లు నవ్వారు. పెద్దమ్మ నవ్విన వాళ్లను చూసింది, కొడుకును చూసింది. ఇంటికొచ్చి తన సొంత మిషన్‌ను, ఆ కొడుకును పెంచిన మిషన్‌ను, అదే దుప్పట్లో చుట్టి ఎల్లమ్మకు ఇచ్చి పంపింది. వదిన తల బాదుకుంది.

మర్నాటి నుంచి పెద్దమ్మ దుకాణం మెట్ల మీద కూర్చోవడం మొదలుపెట్టింది. వచ్చిన వాళ్లందరికీ ఒకటే మాట: "ఇందుల నేను జూసినయి లెవ్వు." అన్న ఆమెను దుకాణం ఛాయలకు రానివ్వొద్దని పనివాళ్లకు చెప్పాడు. అమ్మకు మతి చెడిందని చుట్టాలందరికీ ఫోన్లు చేశాడు. చుట్టాలు వెంటనే నమ్మారు. నమ్మడం వాళ్లకు సులువు. "కన్నకొడుకు బతుకు చెడగొట్టే తల్లి ఉంటదా?" అన్నారు మా మేనమామలు. పిచ్చిదని పేరు పడ్డాక మిషన్ చూడమని ఆమెను పిలిచిన వాళ్లు లేరు.

ఆమె కొడుకు ఇల్లు విడిచి వేరే గది కిరాయికి తీసుకుంది. జాకెట్లకు హుక్కులు కుట్టి, చీరలకు ఫాల్స్ చేత్తో వేసి బతికింది. నల్గొండ వచ్చి నా దగ్గర ఉండమని ఎన్నోసార్లు బతిమాలాను.

"వద్దు బిడ్డా. ఈడ్నే ఉంట. మిషన్ జూడమని ఎవలన్న వస్తె?"

ఎవరూ రాలేదు. ఆమె పోయిన రోజు కూడా సంచిలో చీర ముక్క, ప్యాంటు ముక్క మడతపెట్టే ఉన్నాయి.

పెద్దమ్మ పోయిందని ఎల్లమ్మకు నేనే ఫోన్ చేసి చెప్పాను. "నిన్ననే ఆ మిషన్ మీద బడిపిల్లల అంగీలు కుట్టిన" అని మాత్రం అన్నది.

దశదిన కర్మ అయిన మర్నాడు బస్టాండుకు పోతూ చూస్తే దుకాణం తెరిచి ఉంది. ముందు పెద్ద ఫ్లెక్సీ కట్టారు. పెద్దమ్మ ఫొటో, దాని కింద 'అమ్మ ఆశీస్సులతో' అని అక్షరాలు. ఒకామె ఫొటోకు దండం పెట్టి, ముందున్న మిషన్‌ మీద చెయ్యి వేసింది.

"గీ అమ్మ జూసిందేనా?"

"అన్నీ అమ్మ జూసినయే" అన్నాడు అన్న.

నేను ఆగలేకపోయాను. "అమ్మ పొయ్యి పదిరోజులు దాటింది. గా రంగు ఇంక ఆరనే లేదు. ఎట్ల జూసింది?"

"నీకేంది నడుమల? నీ బస్సు పోతది, నడువ్" అని అన్న అరిచాడు.

ఆమె నన్నూ అతన్నీ మార్చి మార్చి చూసి, చెయ్యి తీసుకుని మెట్లు దిగింది. నా బస్సు కదిలేటప్పుడు కిటికీలోంచి కనిపించింది. రోడ్డు పక్క నిలబడి వేళ్లను గోడకేసి రుద్దుతోంది. నలుపు వదలడం లేదు.