కుసుమ వెతికిన బాతు బొమ్మలు

పుంగనూరు బజారు వీధిలో కుసుమకు చిన్న ఫ్యాన్సీ అంగడి ఉండేది. గాజులు, రిబ్బన్లు, బొట్టుబిళ్ళలు అమ్మేది. ఆమె పుట్టి పెరిగింది మదనపల్లెలో. నాయన గోపాలస్వామి, అక్కడి మిషన్ ఆసుపత్రిలో పనిచేసే ఒక ఇంగ్లీషు డాక్టరు బంగళాలో వంట చేసేవాడు. ఆ డాక్టరు తల్లి ఇంగ్లండు నుంచి మనవళ్ళ కోసం ఓడలో నవ్వులాటల బొమ్మల పత్రికలు పంపేది. గట్టిగా చుట్టి, దారం కట్టి వచ్చేవి. దొర పిల్లలు చదివి పడేశాక అవి వంటింట్లోకి, కుసుమ చేతికి చేరేవి.

లోపలి పేజీలన్నీ నల్లటి గీతలే. వెనక అట్ట మీద మాత్రం రంగులుండేవి. అక్కడ లావుపాటి పోలీసు ఒకడు, వాడికి ఎన్నటికీ దొరకని తెల్ల బాతు ఒకటి. ఒకసారి వాడి టోపీ, ఒకసారి ఈల, ఒకసారి ఒక కాలి బూటు ఎత్తుకుపోయేది. ఇంగ్లీషు రాకపోయినా కుసుమ పొట్ట పట్టుకుని నవ్వేది. ఆమెకు పదకొండేళ్ళప్పుడు డాక్టరు కుటుంబం ఊరు విడిచి వెళ్ళిపోయింది. దాచుకున్న పత్రికలను పెళ్ళయి పుంగనూరు వచ్చేటప్పుడు పుట్టింటి అటక మీద పెట్టింది. తర్వాత పుట్టింటివాళ్ళను అడిగేనాటికి వాటిని చెదలు తినేశాయి. సంసారం, అంగడి, పిల్లల చదువుల్లో పడి ఆమె వాటిని మరిచిపోయింది.

తొంభై నాలుగులో ఒకరోజు మదనపల్లె నుంచి గాజుల పెట్టె వచ్చింది. గాజులు పగలకుండా మధ్యలో కాగితాలు నలిపి కుక్కారు. అందులో ఒక ఉండను విప్పి చూస్తే తెల్ల బాతు కనిపించింది. సగం పేజీనే. చుట్టూ చిరిగిపోయింది. కుసుమ బేరాన్ని మధ్యలో వదిలేసి ఆ కాగితాన్ని ఒళ్ళో పెట్టుకుని చదును చేస్తూ కూర్చుంది.

మరుసటి వారమే మదనపల్లె బస్సెక్కింది. గాజుల హోల్‌సేలు అతను పాత పేపర్ల అంగడి రెడ్డెప్పను చూపించాడు. రెడ్డెప్ప తూకానికి కొన్నవన్నీ బెంగుళూరు నుంచి వచ్చినవేనట, ఏ ఇంటివో తనకు తెలియదట. కానీ ఇకమీదట బొమ్మల పుస్తకాలు కనిపిస్తే పక్కన పెడతానన్నాడు. మాట తప్పలేదు కూడా. కుసుమ వెళ్ళిన ప్రతిసారీ ఒక కట్ట సిద్ధంగా ఉండేది. కండలు తిరిగిన అమెరికా వీరులు, ఒకటో తరగతి లెక్కల పుస్తకాలు, ఒకసారైతే ఆవులకొచ్చే జబ్బుల మీద బొమ్మలతో సహా ప్రభుత్వం అచ్చేసిన పుస్తకం.

"ఇవి కాదప్పా," అని ఆమె మళ్ళీ మొదటి నుంచి చెప్పేది.

"బొమ్మలుండేటివే గదమ్మా నువ్వడిగింది," అని రెడ్డెప్ప నొచ్చుకునేవాడు.

పని మానుకుని వెతికిపెట్టిన మనిషిని ఏమనగలదు? వచ్చే దారంతా బస్సు కిటికీలోంచి చూస్తూ పళ్ళు కొరుక్కునేది. ఇంట్లో భర్త రాజేంద్ర ఒకటే మాట అనేవాడు: "ఇంగ్లీషోళ్ళే పారేసినదాన్ని నువ్వు యాల ఎతికేది?" ఆ మాట ఆమెను ఇంకా మండించేది.

ఇలా ఏళ్ళు గడిచాయి. రెండువేల రెండులో, కుప్పం యూనివర్సిటీలో చదువుతూ సెలవులకు పుంగనూరు వచ్చిన దీప అనే అమ్మాయి రిబ్బను కొనడానికి వచ్చి, గల్లాపెట్టె పక్కన అంటించిన బాతును చూసింది. కుప్పంలో తాను అద్దెకున్న ఇంటావిడ దగ్గర ఇలాంటి పుస్తకాలు పెట్టెడున్నాయని చెప్పింది. కుసుమ నమ్మలేదు. ఇన్నేళ్ళలో అలా చెప్పినవాళ్ళు చాలామంది. అయినా ఆదివారం అంగడి మూసి, పలమనేరులో బస్సు మారి కుప్పం వెళ్ళింది.

ఆ ఇంటావిడ మునిలక్ష్మమ్మ. చనిపోయిన ఆమె భర్త కోలారు బంగారు గనుల్లో పనిచేసేవాడు. అక్కడి దొరల క్లబ్బులో పాత పుస్తకాలు పారేస్తుంటే మోసుకొచ్చాడట. కుసుమ పెట్టె తెరిచింది. అవే. ఒకటి తీసి వెనక్కి తిప్పింది. అట్ట లేదు. ఇంకొకటి తీసింది. దానికీ లేదు. పెట్టె అడుగుదాకా చూసింది. ఒక్కదానికీ వెనక అట్ట లేదు.

"రంగు కాయితాలు గదా, సించి గోడకంటిచ్చినాం," అంది మునిలక్ష్మమ్మ. "పిల్లోళ్ళు అయి సూస్తా అన్నం తింటాండ్రి."

ఏ గోడ అని కుసుమ అడిగింది. వంటింటి గోడ చూపించారు. ఏటా పండగకు కొట్టిన సున్నం దాని మీద పొరలు పొరలుగా పేరుకుని ఉంది. అనుమతి అడిగి, తడిగుడ్డతో అద్ది, గోటితో కొంచెం కొంచెంగా గీకింది. చాలాసేపటికి ఎర్రటి ముక్కు అంచు బయటపడింది. చిటికెన వేలంత ఉంది. అతిథి అలా అవస్థ పడటం మునిలక్ష్మమ్మ చూడలేకపోయింది. బక్కెట్టు నీళ్ళు, కొబ్బరి పీచు తెచ్చి, "నువ్వుండమ్మా, నేను తీస్తా," అంటూ కుసుమ చేయి అడ్డం పెట్టేలోపే గోడకు నీళ్ళు కొట్టి బరబరా రుద్దేసింది. సున్నం, కాగితం, ఎప్పటిదో మైదా బంక అంతా ముద్దయి గోడ వెంట జారి నేల మీద పడింది.

"సూడు, ఎంత సులబంగా వచ్చేసిందో," అంది సంతోషంగా.

కుసుమ ఆ ముద్ద వైపు చూస్తూ నిలబడింది. ఎవరి మీద ఏడవాలి? ఆవిడ అప్పటికే చేతులు కడుక్కుని కాఫీ పెట్టడానికి పోయింది. కుసుమ కాఫీ తాగింది. వద్దన్నా వినకుండా మునిలక్ష్మమ్మ పెట్టె మొత్తం ఆమెకే ఇచ్చేసి, బస్టాండుదాకా మనిషిని తోడిచ్చి పంపింది.

కుసుమ ఇంటికొచ్చి పిల్లల ఇంగ్లీషు నిఘంటువు పక్కన పెట్టుకుని కూడబలుక్కుంటూ చదివింది. బెత్తంతో కొట్టే అయ్యవార్లు, పుడ్డింగులనే ఏవో తీపి వంటలు, టోపీలు పెట్టుకున్న అత్తలు. సగం హాస్యం ఆమెకు అందలేదు. రాజేంద్రకు మాత్రం ఒక్క ఇంగ్లీషు ముక్క రాకపోయినా, మధ్యాహ్నం భోంచేసి వాటిని తిరగేస్తూ పైకే నవ్వేవాడు. ఏమర్థమయిందని అడిగితే, "బొమ్మ సూస్తే సాలదా?" అనేవాడు. ఆమెకు ఒళ్ళు మండేది. ఒకప్పుడు ఆమె కూడా అలాగే నవ్వింది మరి.

లోపలి పేజీల వల్ల ఒక మేలు జరిగింది. పత్రిక పేరు తెలిసింది. రెండువేల ఆరులో పుంగనూరులో ఇంటర్నెట్ సెంటరు నడిపే అరుణ్ కుమార్ దగ్గర కూర్చుని ఆ పేరుతో వెతికించింది. ఇంగ్లండులో ఎవరో ముసలాయన తన వెబ్‌సైటులో ఆ అట్టలన్నీ తపాలా బిళ్ళల సైజులో పెట్టి ఉంచాడు. ఒకటి నొక్కితే బొమ్మ పైనుంచి కిందికి గీత గీతగా దిగడం మొదలుపెట్టింది. పోలీసు టోపీ వచ్చింది, మీసం వచ్చింది, కరెంటు పోయింది. మరునాడు మళ్ళీ అంతే. మూడోనాడు బొమ్మ పూర్తిగా దిగింది. బాతు పోలీసు కుర్చీలో కూర్చుని ఉంది. అరుణ్ దగ్గర కలరు ప్రింటరు లేకపోవడంతో బొమ్మను ఫ్లాపీలో ఎక్కించుకుని మదనపల్లె పోయింది. అక్కడి ప్రింటరులో ఒక ఇంకు అయిపోయి, మిగతావి కలిసిపోయి, తెల్ల బాతు లేత ఆకుపచ్చగా, పోలీసు నారింజ రంగులో బయటికొచ్చారు. ఇంకు బెంగుళూరు నుంచి రావాలన్నారు.

ఆ కాగితాన్నే తెచ్చి అంగడి బల్ల అద్దం కింద పెట్టింది. గాజులు తొడిగించుకోవడానికి చేయి చాపిన ఆడవాళ్ళు అది చూసి నవ్వుతారు, ఏమిటమ్మా ఇది అని అడుగుతారు.

"ఆ రంగు కాదులేమ్మా దానిది," అంటుంది కుసుమ విసుగ్గా, చేతికి గాజు ఎక్కిస్తూనే. "అసలుది తెల్లంగా ఉంటాది. కాస్త సేయి వదులుగా పెట్టు."