ముల్లు మీదే కళ్లు

మాది చిక్కబళ్ళాపురం దగ్గర ఒక పల్లె. ఇరవై ఏళ్లు ట్రాక్టర్ తోలినవాణ్ణి. ఒకసారి వేడెక్కింది చూసుకోక దాని ఇంజిన్ పాడుచేసుకున్నాను. అందుకే పోయినేడాది కొన్న కొత్త కారులో వేడి చూపించే ముల్లు లేదని తెలిసినప్పటినుంచి మనసు మనసులో లేదు. "వేడెక్కితే ఎర్ర లైటు వెలుగుతుంది సార్" అన్నారు షోరూమ్ వాళ్లు. అది వెలిగేలోపే అంతా అయిపోతే? నెల తిరక్కుండానే విడిగా వేడి ముల్లున్న గేజీ ఒకటి కొని స్టీరింగ్ పక్కన బిగించుకున్నాను.

ఆ వారమే నా భార్య సుజాతతో బాగేపల్లిలో పెళ్లికి బయలుదేరాను. పేరేసంద్ర దాటాక ముల్లు కాస్త పైకి జరిగినట్టు అనిపించింది. వంగి చూశాను.

"ఏమయ్యో, ముందర గొర్రెలు!" సుజాత కేక పెట్టింది.

బ్రేకు తొక్కిపట్టాను. మందకు మూరెడు దూరంలో కారు ఆగింది. మందను తోలుతున్న ముసలాయన కిటికీ దగ్గరికి వచ్చాడు.

"యాడ చూస్తాండావప్పా? దావ ముందర ఉండాదా, ఆ డబ్బీలో ఉండాదా?"

మళ్లీ గేజీ వైపు చూశాను. ముల్లు మాత్రం ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది. ఇంజిన్‌కు ఏమవుతుందోనన్న దిగులులో ఆయన ప్రాణం తీసేవాణ్ణే.

మర్నాడే గేజీని సుజాత కూర్చునే వైపుకు మార్పించాను. "నేను చూస్తాలే, నువ్వు దావ చూడు" అంది.

ఇప్పుడు ముల్లు వైపు చూడటం మానేశాను. కాసేపటికోసారి సుజాత ముఖం చూస్తున్నాను.