నీళ్లు పొయ్యని చేపల తొట్టె

ముందే చెబుతున్నాను, ఇందులో నవ్వాల్సింది ఏమీ లేదు. మా ఊళ్లో నాకు కొత్త పేరు పెట్టారు. రిటైరయ్యేదాకా అది నన్ను వదిలేలా లేదు. ఎలా వచ్చిందో మీ కాఫీ చల్లారేలోగా చెప్పేస్తాను.

నా ఉద్యోగం మీకు తెలుసుగా, డుంబ్రిగుడ దగ్గర వ్యవసాయ సహాయకుణ్ణి. తాతల నాటినుంచి చోడి, అదే మీ రాగి, పండిస్తున్నవాళ్లకి చోడి ఎలా పండించాలో చెప్పడం నా పని. గింజలు వెదజల్లకండి, నారు పోసి వరసల్లో నాటండి, పంట బాగుంటుంది అని మూడేళ్లుగా ఊరూరా తిరిగి చెబుతున్నాను. మిగతా ఊళ్లలో కొందరైనా విన్నారు. మా సొంత ఊళ్లో ఒక్కరూ వినలేదు. వాళ్లంతా మా అయ్య వైపు చూస్తారు. అయ్య వెదజల్లితే వాళ్లూ వెదజల్లుతారు. అయ్యేమో నేను చెప్పేదంతా ఓపిగ్గా విని, "నీకు సెప్పినోడు ఏ కొండ మీద చోడి పండించినాడురా?" అని తువ్వాలు దులుపుకుని లేచేవాడు. ఊరు వినకపోతే పోనీ గానీ, అయ్య వినలేదంటే నాకు అన్నం సయించేది కాదు. ఈ మాట మణికి కూడా చెప్పలేదు. మణి అంటే మా ఆవిడ.

ఇక చేపల తొట్టె సంగతి. విశాఖలో పంటి డాక్టరు దగ్గర కూర్చున్నప్పుడు చూశాను. గాజుతొట్టె, అడుగంతా దట్టంగా పచ్చిక, దాని మీద చిన్న చిన్న చేపలు. పన్నునొప్పి మర్చిపోయాను. ఇంటికొచ్చి వీడియోలు చూస్తే తెలిసింది, ఆ పచ్చిక అలా పరుచుకోవాలంటే డ్రై స్టార్ట్ చెయ్యాలట. అంటే తొట్టెలో ముందు నీళ్లు పొయ్యరు. తడిమట్టి పరిచి, మొక్కలు నాటి, పైన ప్లాస్టిక్ కవరు బిగించి, రోజూ స్ప్రేయర్‌తో కాస్త తడుపుతూ కూర్చోవాలి. వేళ్లు బాగా పట్టుకున్నాకే నీళ్లు.

"సేపల తొట్టిలో నీళ్లు పొయ్యరా?" అంది మణి.

"ఇప్పుడే కాదు. కొన్ని వారాలు ఆగాలి."

మణి నా నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.

ఆ తొట్టెలకని ఆన్‌లైన్‌లో ప్రత్యేకంగా మట్టి అమ్ముతారు. కొండల్లో పుట్టి మట్టి కొనుక్కుంటానా? పౌరుషం వచ్చింది. అయ్య కల్లం పక్కనుంచి నల్లటి మట్టి సంచెడు తెచ్చి, ఇసక జల్లెడతో జల్లించి, తొట్టెలో పరిచాను. మొక్కలు మాత్రం కొరియర్‌లో వచ్చాయి. దారిలోనే సగం కుళ్లిపోయాయి. మిగిలిన సగాన్ని, మణి కనుబొమ్మలు సరిచేసుకునే ప్లక్కర్‌తో, ఒక్కొక్క పోచా పట్టుకుని నాటాను.

అయిదో రోజుకి తొట్టె నిండా పచ్చటి సూదులు! నాటిన చోటా, నాటని చోటా. వీడియోలో అలా పాకడానికి నెల పట్టింది. నాకు గర్వం తలకెక్కింది. ఫొటో తీసి అక్వేరియం గ్రూపులో పెట్టాను. ఏ లైటు వాడారు, ఏ మందు వేశారు అని ఒకటే ప్రశ్నలు. "ఏమీ లేదు, అరకు గాలి" అని రాశాను. ఒకాయన మర్యాదగానే, "ఆకు కొంచెం వెడల్పుగా ఉంది కదండీ" అన్నాడు. "ఇది హిల్ వెరైటీ" అని రాశాను. అప్పుడైనా ఒకసారి వంగి చూసుకోవాల్సింది. చూసుకోలేదు. పైగా ఎత్తు పెరుగుతోందని వారానికోసారి కత్తెరతో కొసలు కత్తిరించాను.

మూడు వారాలకే తొట్టె నిండిపోయింది. ఇక నీళ్లు పోద్దామని విశాఖ నుంచి పది చేపలు తెప్పించి బకెట్లో ఉంచాను. ఆ రోజు సంత. అయ్య ఊరినుంచి వచ్చి, పసుపు అమ్ముకుని, మేముండే ఇంటికొచ్చాడు. నాకూ మట్టిలో ఏదో ఒకటి పండించడం వచ్చని ఆయనకి చూపించాలి. కవరు తీసి పక్కన నిలబడ్డాను.

"ఏటిరా ఇది?"

"పచ్చిక అయ్యా. నీళ్ల కింద పెరుగుతుంది. మన దేశంది కాదు."

అయ్య వంగి ఒక మొక్క పీకాడు. మొదలు వేళ్లతో నొక్కి చూశాడు. వేరు చూశాడు. తర్వాత నా ముఖం చూశాడు.

"చోడి నారు" అన్నాడు.

అయ్య నవ్వలేదు. నవ్వితే బాగుండేది. నేనూ ఒక మొక్క పీకి చూశాను. నొక్కినట్టు చపటాగా ఉన్న మొదలు, తెల్లటి వేరు. చోడే. కల్లంలో రాలిన గింజలు మట్టితోపాటు నా సంచిలోకి వచ్చాయి, ఇసక జల్లెడలోంచి హాయిగా కిందికి దిగాయి. చోడి పాఠం చెప్పే సారు మూడు వారాలపాటు ఇంట్లో చోడి పెంచి, దాన్ని విదేశీ పచ్చిక అనుకున్నాడు.

"సేపలకి చోడి ఏటికిరా?" అని అయ్య నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. నీళ్ల బిందె ఎత్తుకొచ్చిన మణి గుమ్మంలోనే ఆగిపోయింది.

"నీళ్లు పొయ్యకు, కుళ్లిపోద్ది" అన్నాడు అయ్య.

"పారేస్తాలే అయ్యా."

"మొలిసిన గింజని పారేత్తారా ఎక్కడైనా?" అంటూ అయ్య తొట్టె ముందు చతికిలబడ్డాడు. ఒక్క వేరూ తెగకుండా మొక్కలు తీయడం మొదలుపెట్టాడు. "నారుకి ఈడు కుదిరింది. కొసలు కోసినావు, అదీ మంచిదే. గోనె తడిపి తేయే, బేగి" అని మణికి చెప్పాడు.

ఆ మధ్యాహ్నమే తడిగోనెలో నారు చుట్టుకుని మా చేలోకి వెళ్లాం. సన్నగా వాన. వెదజల్లడానికి అది నారాయె, గింజ కాదాయె. పారెయ్యడానికి అయ్యకి మనసొప్పదు. ఇక మిగిలింది నాటడమే. అయ్య ఒక మొక్క చేతిలో పట్టుకుని, "ఎంత ఎడం ఉండాల? సెప్పు" అన్నాడు.

నాటడం గురించి మూడేళ్లలో అయ్య నన్ను అడిగిన మొదటి ప్రశ్న. ఎన్ని మీటింగుల్లో చెప్పానో ఆ కొలత. అప్పుడు మాత్రం గుర్తు రాలేదు. అయ్య తనే జాన పెట్టి కొలిచి నాటాడు. అదే సరైన కొలత.

ఇప్పుడు ఆ గదంత మడి చూడండి, ఒక్కో దుబ్బూ పిడికిట్లో పట్టదు. ఊరంతా వచ్చి చూసిపోతున్నారు. ఈ నారు ఎవరు పోసినారని అడిగితే అయ్య గాజుతొట్టె, కత్తెర సంగతి కూడా దాచడు. "మా గుంటడే పోసినాడు, సేపలకని" అంటాడు. అలా నేను చేపలచోడి సారునయ్యాను. చేపలు ఇంకా బకెట్లోనే ఉన్నాయి, మణి మేపుతోంది.

పేరుతో పోతే బాగానే ఉండును. మొన్న సంతలో మా ఊరివాళ్లు నలుగురు నన్ను ఆపారు. వచ్చే ఏడు వరసల్లోనే నాటుతామని చెప్పారు. మూడేళ్లుగా ఆ మాట కోసమే కదా తిరిగింది. ఆనందంగా డైరీలో వాళ్ల పేర్లు రాసుకుంటుంటే, వాళ్లలో పెద్దాయన చెయ్యి పట్టుకుని అడిగాడు. "మరి నారు పోసే గాజుపెట్టి సబ్సిడీలో ఎప్పుడిత్తారు సారూ? కత్తెరలు మావే తెచ్చుకుంటాం."